వరహాలరావు మేరకు సరైన కాటా

మాధవగిరి జిల్లా తూనికలు కొలతల శాఖ కార్యాలయంలో స్వీట్లు పంచడానికి పెద్ద కారణం ఏనాడూ అక్కర్లేదు. ఇంక్రిమెంటు వస్తే కాజాలు, మనవడు పుడితే మైసూరుపాకం, బదిలీ ఆగితే జిలేబీ, ఆగకపోతే వీడ్కోలు పేరుతో అదే జిలేబీ. పక్కన ఇంత మిక్చరు. కొట్ల వెంట తిరిగి కాటాలు పరీక్షించి, సరిగా ఉన్నవాటికి ముద్ర కొట్టి, లేనివాటి మీద కేసు రాసే శాఖ కాబట్టి మిఠాయి కొట్ల వాళ్లకు ఆ ఆఫీసంటే మహా గౌరవం. ఆ ఆఫీసుకు వెళ్లే డబ్బాలో మాత్రం పైన రాసిన బరువు కంటే లోపల ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉండేది.

అలాంటి ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉంటూ వరహాలరావు తొమ్మిదేళ్లుగా నోరు కట్టుకున్నాడు. అతనికి షుగరు. డబ్బా తన బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఓ దండం పెట్టి పక్కకు పంపేవాడు. పంపాక అరగంట పాటు ఏ ఫైలూ బుర్రకెక్కేది కాదు. ఇంట్లో భార్య మంగతాయారు కాపలా. పంచదార డబ్బాను నగలతో పాటు బీరువాలో పెట్టి తాళం వేసేది. పెళ్లిళ్లకు వెళ్తే భర్త పక్క కుర్చీ వదలకుండా, బూరెల పళ్లెంతో వచ్చేవాణ్ణి కంటిచూపుతోనే ఆపేసేది. పక్కింటాయనకు ఇదే జబ్బుతో కాలు పోయింది. వరహాలరావు రెండు కాళ్లూ ఇంకా నిక్షేపంగా ఉన్నాయంటే అది ఆవిడ కాపలా చలవే.

ఆ ఏడు దసరా వెళ్లగానే నీలాద్రిరావు అసిస్టెంట్ కంట్రోలరుగా వచ్చాడు. వచ్చేముందు ఎక్కడో చల్లటి కొండ ఊళ్లో 'ఆరోగ్యవంతమైన కార్యాలయం' అన్న శిక్షణ పొందాడు. నేర్చుకున్నది వెంటనే ఎవరిమీదైనా ప్రయోగించకపోతే ఊపిరాడని మనిషి. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. "ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, కార్యాలయ ఆవరణలో పంచదార మిఠాయిలు తక్షణం నిషేధించడమైనది. వాటి స్థానమున గృహనిర్మిత ఆరోగ్యకర మధుర ప్రత్యామ్నాయములు మాత్రమే అనుమతించబడును." అంత పేరు నోరు తిరక్క ఆఫీసంతా 'ప్రత్యామ్నాయం' అని ఊరుకున్నారు. ఖర్జూరం లడ్డూ ఒక ప్రత్యామ్నాయం, బెల్లం వేసిన రాగి హల్వా ఇంకో ప్రత్యామ్నాయం.

దీని మీద జరిగిన మీటింగులో శేషారత్నం అనే ఇన్‌స్పెక్టరు ఒక సందేహం అడిగింది. ఆవిడకు చిన్నప్పటి నుంచీ తీపంటే గిట్టదు, అందుకే కాబోలు బుర్ర చల్లగా పనిచేసింది. బెల్లమూ ఖర్జూరమూ తేనే కూడా తీపే కదా, వాటిలో మాత్రం కేలరీలు ఉండవా అని అడిగింది.

నీలాద్రిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మిఠాయి అనగా పంచదార కలిగిన పదార్థము. పంచదార లేనిచో అది మిఠాయి కాదు. మిఠాయి కానిచో దానియందు కేలరీల ప్రశ్నే ఉత్పన్నం కాదు. సూపరింటెండెంటు గారూ, మినిట్స్‌లో రాయండి."

వరహాలరావు రాశాడు. రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆ తర్కంలో చిల్లు అతనికి కనబడకపోలేదు. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల తూకాల్లో లొసుగులు పట్టిన మనిషి. కాటా పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్దను వీధి చివర నుంచే పసిగట్టేవాడు. కాని నోట్లో నీళ్లూరుతున్నప్పుడు ఎంతటి ఇన్‌స్పెక్టరయినా కాస్త చూసీ చూడనట్టు పోతాడు.

సర్క్యులర్ కాపీ ఒకటి మడిచి ఇంటికి తీసుకెళ్లి మంగతాయారు చేతిలో పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదివింది. కింద సంతకం చూసింది, గుండ్రటి ముద్ర చూసింది. ఆ ముద్ర పడని కాటా దగ్గర ఆవిడ జీవితంలో పావుకిలో వంకాయలు కొనలేదు. ముద్ర ఉందంటే అది నిజం కిందే లెక్క.

"అయితే ఖర్జూరం పెట్టొచ్చాండీ మీకు?" అని అడిగింది, ఇంకా నమ్మకం కుదరక.

"పెట్టొచ్చని ఆఫీసే అంటుంటే మధ్యలో మనమెవరం?" అన్నాడు వరహాలరావు.

ఆ సాయంత్రమే ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టింది. గింజ తీసిన ఖర్జూరం, జీడిపప్పు, బాదంపప్పు, ఎండుకొబ్బరి, ముద్దకు చాలినంత బెల్లం, ఉండ కట్టడానికి నెయ్యి, పైన మెరవడానికి తేనె. పంచదార మాత్రం చిటికెడు కూడా వెయ్యలేదు. మొదటి ఉండ నోట్లో పెట్టుకోగానే వరహాలరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల పాటు మొగుడి నోరు కట్టేసిన పాపం ఇవాళ్టితో కడుక్కున్నానని మంగతాయారుకూ కళ్లు చెమర్చాయి. ఇంకో రెండు పెట్టింది.

ఆఫీసులో జరిగిన ప్రత్యామ్నాయాల పోటీలో ఆవిడ లడ్డూకే మొదటి బహుమతి వచ్చింది. పేరూ ఇంటిపేరూ రాసిన ప్రశంసాపత్రం, కింద అదే గుండ్రటి ముద్ర. వంటింటి బయట తన పేరు రాయించుకోవడం ఆవిడకు అదే మొదలు. దాన్ని పటం కట్టించి హాల్లో వేలాడదీసింది. ఇక ఆఫీసుకు లడ్డూల సరఫరా ఆవిడదే అయింది.

పథకం అన్నాక ప్రగతి నివేదిక ఉండాలి. నివేదిక అన్నాక అంకె ఉండాలి. ఎంత ఆరోగ్యం పెరిగిందో చెప్పడానికి అంకె ఎక్కణ్ణుంచి తేవాలా అని నీలాద్రిరావు రెండు రోజులు గది తలుపు వేసుకుని ఆలోచించి, మూడోరోజు వెలిగిపోతున్న మొహంతో బయటికి వచ్చాడు. ఒక ఉద్యోగి కాజా తింటే రెండు వందల కేలరీలు ఖర్చు. కాజా బదులు ప్రత్యామ్నాయం తిన్నాడు. ప్రత్యామ్నాయంలో కేలరీలు ఉత్పన్నం కావని మినిట్స్‌లో ఉండనే ఉంది. కాబట్టి లడ్డూ ఒక్కింటికి రెండు వందల కేలరీలు ఆదా. రెండు తింటే నాలుగు వందలు ఆదా. ఎంత తింటే అంత ఆదా. తలకింతని ఏడాది ఆదా లక్ష్యం కూడా కేటాయించాడు.

అసలేమీ తినకపోతే ఎంత ఆదా అని శేషారత్నం అడిగింది.

"ఖర్చు పెట్టినప్పుడే కదమ్మా ఆదా తేలేది," అన్నాడు నీలాద్రిరావు ఓపిగ్గా. "తినని పదార్థం ఏ పద్దు కిందా రాదు."

ఆ మర్నాడే ఆవిడకు మెమో అందింది. 'కేలరీల ఆదా విషయమున ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం వహించుచున్నందుకు' సంజాయిషీ చెప్పమన్నారు. పాపం ఆవిడ ముక్కు మూసుకుని రోజుకో లడ్డూ మింగడం మొదలుపెట్టింది. మిగతావాళ్లకు ముక్కు మూసుకునే పని లేకపోయింది. పొద్దున హాజరు వేస్తే ఒకటి, పదకొండింటికి టీతో ఒకటి, భోజనం తరవాత 'ఆదా విరామం' అని కొత్తగా పెట్టిన పావుగంటలో రెండు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, లక్ష్యానికి ఎంత తగ్గితే అంత.

సంక్రాంతి దాటేసరికి ఆఫీసులో చొక్కా బొత్తాలు రాలసాగాయి. జీపు డ్రైవరు సీటు వెనక్కి జరిపాడు, ఆ తరవాత స్టీరింగు కింద ఇక జరగడానికి చోటు లేకపోయింది. కొట్లు తనిఖీ చేయడానికి వెళ్లిన ఇన్‌స్పెక్టర్లు రెండు కొట్లకే ఆయాసపడి, మూడో కొట్టువాణ్ణి కాటా పట్టుకుని ఆఫీసుకే రమ్మన్నారు. పథకం సత్ఫలితాలు రాష్ట్రానికి పంపాలి కాబట్టి నీలాద్రిరావు అందరినీ తూచి, పథకం మొదట్లో రాసుకున్న బరువులతో పోల్చమన్నాడు. తూచారు. ఒక్కొక్కరే ఎక్కుతుంటే ముల్లు తన దారిన తాను ముందుకు పోయింది. నీలాద్రిరావు ఎక్కినప్పుడు ఇంకొంచెం ముందుకు పోయింది.

ఇంకే ఆఫీసయినా అయితే ఇక్కడ పథకం ఆగిపోయేది. ఇది తూనికలు కొలతల శాఖ. కాటా తప్పని రాసే అధికారం చట్టం వాళ్ల చేతుల్లోనే పెట్టింది. నీలాద్రిరావు అక్కడికక్కడే కాటాను తిరస్కరించి సీలు వేయించాడు. రైసుమిల్లు నుంచి ఇంకో కాటా తెప్పించారు. అదీ అదే బరువు చూపించింది, దానికీ సీలు పడింది. ఆఫీసు లాకరులో భద్రంగా ఉన్న ప్రామాణిక తూకపు రాళ్లు తీసి రెండు కాటాలనూ పరీక్షిస్తే అవి రవ్వంత తేడా లేకుండా సరిగా ఉన్నాయని తేలింది. అప్పుడు తూకపు రాళ్ల మీద అనుమానం వచ్చి వాటిని రాజధానికి పంపారు.

ఇదంతా నడుస్తుండగా, సీలుతోనే ఉన్న మొదటి కాటా మీద వరహాలరావు వంతు వచ్చింది. ఎక్కాడు. ముల్లు కాస్త దూరం వెళ్లి ఆగిపోయింది. పథకం మొదలైనప్పటి కంటే ఎనిమిది కిలోలు తక్కువ.

గదిలో అందరి కంటే ఎక్కువ లడ్డూలు తిన్నది వరహాలరావేనని అందరికీ తెలుసు. నీలాద్రిరావు అతని రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. కాటా సీలు వెంటనే ఊడదీయించాడు. అదే కాటా నలభైమంది విషయంలో తప్పూ ఒక్కరి విషయంలో ఒప్పూ ఎలా అవుతుందని ఆడిటువాళ్లు రేపు అడుగుతారేమోనని, ముందుజాగ్రత్తగా ధ్రువపత్రం రాయించి పెట్టాడు. 'ఈ కాటా శ్రీ వరహాలరావు గారి మేరకు సరైనదని ధ్రువీకరించడమైనది.' తన గురించే కాబట్టి వరహాలరావు కాస్త సిగ్గుపడుతూ దాని మీద ముద్ర వేశాడు.

ఆ సాయంత్రం ఈ కబురు విని మంగతాయారు ఆయనకు దిష్టి తీసింది. ప్యాంటు నడుము దగ్గర వదులైపోతే రెండంగుళాలు కుట్టి, మీరు మళ్లీ పెళ్లినాటిలా అవుతున్నారండీ అని మురిసిపోయింది. వరహాలరావు నవ్వాడు కాని లోపల ఏదో గుబులుగానే ఉంది. కొన్నాళ్లుగా బిందెడు నీళ్లు తాగినా దాహం తీరడం లేదు. నిద్ర మధ్యలో నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. మెట్లెక్కితే కాళ్లు పీకుతున్నాయి. కుడికాలి బొటనవేలి దగ్గర చెప్పు కరిచి పుండు పడింది, దాని నొప్పి తెలియదు, మానదు. ఇవన్నీ దేనికి గుర్తులో తొమ్మిదేళ్లుగా షుగరున్న మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్లానికి చెబితే లడ్డూ ఆగిపోతుంది. ఆఫీసులో చెబితే కాటా మళ్లీ తప్పయి కూర్చుంటుంది. సాక్సు తొడిగి పుండును కప్పేసి ఆఫీసుకు వెళ్లాడు.

మార్చి వచ్చింది. ఏ సర్కారీ ఆఫీసుకయినా మార్చి అంటే మిగిలిపోయిన నిధులు ఖర్చు పెట్టుకునే నెల. ఇక్కడ మిగిలిపోయినవి కేలరీలు. ఏడాది ఆదా లక్ష్యానికి ఇంకా లక్షల్లో తరుగుంది. ఆదివారాలు రద్దయ్యాయి. మంగతాయారు వంటింట్లోకి ఇద్దరు మనుషుల్ని సాయం పెట్టుకుంది. సిబ్బంది బల్లల మీద ఫైళ్లు తీసేసి పళ్లాలు పెట్టారు. ఎవరైనా ఇక చాలంటే, పోయినేడు ఖర్చవని నిధులు ఎలా మురిగిపోయాయో గుర్తుచేసి నీలాద్రిరావే స్వయంగా ఇంకోటి నోట్లో పెట్టేవాడు. అలా ఓ రోజు మధ్యాహ్నం, సగం లడ్డూ నోట్లో ఉండగానే, వరహాలరావు కుర్చీలోంచి కిందికి జారిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు హైమవతి సాక్సు విప్పించింది. బొటనవేలు నల్లగా ఉంది. మంగతాయారు ఆ పుండు చూడడం అదే మొదలు. ఏం తింటున్నారని డాక్టరు అడిగితే, తొమ్మిదేళ్లయింది మా ఇంట్లో ఆయన పంచదార రుచి చూసి అని ఆవిడ గర్వంగా చెప్పబోయి, మధ్యలోనే ఆపి, సంచిలోంచి డబ్బా తీసి చూపించింది.

డాక్టరు ఒక లడ్డూ చిదిమి చూసింది. ఏమేం వేశారో వరసగా చెప్పించుకుంది.

"కాజాలో ఎన్ని కేలరీలో దీన్లో అంతకి తక్కువ లేవండి. నెయ్యీ పప్పులూ కలిసి ఇంకొంచెం ఎక్కువే ఉంటాయి," అంది. "ఖర్జూరమైనా బెల్లమైనా పంచదారైనా లోపలికెళ్తే రక్తంలో కలిసేది ఒకటే చక్కెర. ఇంట్లో చేసేరనీ, మంచివనీ దానికి తెలీదు కదండీ."

"మరి ఆయన బరువు తగ్గేరండి," అంది మంగతాయారు, ఆ ఒక్క ఆధారాన్ని పట్టుకుని.

"షుగరు బాగా ముదిరితే అలాగే తగ్గుతారమ్మా. తిన్నది ఒంటికి పట్టక, ఒళ్లే కరిగిపోతోంది. ఈ వేలు ఇక ఉంచకూడదు."

మంగతాయారు డబ్బా మూత పెట్టింది. పెట్టిన చేతుల్ని చాలాసేపు చూసుకుంది. ఆ చేతులతోనే కదా ఉండలు కట్టిందని ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. నాకు తెలిసే తిన్నానే, నీ తప్పేం లేదు అన్నాడు వరహాలరావు. ఆ మాట ఆవిడకు ఇంకా కష్టమనిపించింది.

సాయంత్రం నీలాద్రిరావు పరామర్శకు వచ్చాడు. వేలు తీసేస్తారని విని నిజంగానే నొచ్చుకున్నాడు. నొచ్చుకుని డాక్టరు గదిలోకి వెళ్లి ఒక విజ్ఞప్తి చేశాడు. నెలాఖరున రాష్ట్ర కంట్రోలరు గారి సమక్షంలో వరహాలరావు గారికి సన్మానం ఉంది, శస్త్రచికిత్స ఈ ఆర్థిక సంవత్సరంలో జరిగితే బరువు లెక్కల్లో చిక్కు వస్తుంది, ఏప్రిల్ మొదటి వారానికి వాయిదా వేయడం సాధ్యపడుతుందేమో పరిశీలించమన్నాడు. డాక్టరు అతని పొట్ట వైపు చూసి, మీరు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి అని చెప్పి ఆపరేషను గదిలోకి వెళ్లిపోయింది. వేలు మార్చిలోనే పోయింది.

సన్మానం మాత్రం ఆగలేదు. పిలుపులు వెళ్లిపోయాయి, షామియానా వేసేశారు. కదలడానికి వీల్లేదని డాక్టరు అంటున్నా జీపు పంపించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు మీద జరీ శాలువా కప్పి వేదిక ఎక్కించారు. లక్ష్యం దాటిందని నీలాద్రిరావు చదువుతుంటే సిబ్బంది చప్పట్లు కొట్టారు. కొట్టి, ఆయాసం తీర్చుకున్నారు. ఆరోగ్యాన్ని తూకంలో పెట్టి చూపిన తొలి జిల్లా ఇదేనని, వచ్చే ఏడాది నుంచి పథకాన్ని రాష్ట్రమంతటా విస్తరిస్తామని కంట్రోలరు ప్రకటించాడు. తరవాత మంగతాయారును వేదిక మీదికి పిలిచి వెండి పళ్లెంలో లడ్డూ అందించి, ఫొటో కోసం భర్త నోటికి అందించమన్నారు. ఇంత బరువు తగ్గడానికి రహస్యమేమిటో నాలుగు మాటలు చెప్పమని మైకు ముందు పెట్టారు.

ఆవిడ లడ్డూ తీసుకుని భర్త నోటి దాకా తీసుకెళ్లింది. కెమెరా మెరిసింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇందులో రహస్యం ఏం లేదండి," అంది మైకులో. "ఒంటికి మంచిదేనని తీపి పెట్టి పెట్టి నేనే మా ఆయన్ని తినేసేను. వేలు తీసేసేరండి. షుగరు ముదిరి తగ్గేరు. ఇది మీ పిల్లలకి పెట్టకండి."

శేషారత్నం ఒక్కతే లేచి నిలబడింది. మిగతావాళ్ల నోళ్ల నిండా లడ్డూలున్నాయి. కంట్రోలరు నీలాద్రిరావు వైపు వంగి ఏదో అడిగాడు. మైకు దగ్గర్లోనే ఉండడంతో నీలాద్రిరావు జవాబు అందరికీ వినపడింది.

"వేలి బరువు మినహాయించే చూపిస్తాం సార్. అయినా మనమే ముందున్నాం."

కంట్రోలరు తల ఊపాడు. జాతీయగీతం పాడి సభ ముగించారు. ఆ నెల శాఖ పత్రికలో ఫొటో అట్టమీద వచ్చింది, నోటి దాకా వచ్చిన లడ్డూతో సహా. చోటు చాలలేదని మోకాళ్ల కింద భాగం కత్తిరించేశారు.

చేతికర్ర పట్టుకుని వరహాలరావు మే నెలలో డ్యూటీలో చేరాడు. బల్ల మీద అతని కోసం ఒక ఫైలు ఎదురుచూస్తోంది. విషయం: శ్రీ వరహాలరావు, సూపరింటెండెంటు వారి కుడికాలి బొటనవేలు, బరువు, మినహాయింపు గురించి. వేలు ఎంత తూగిందో తెలపమని శాఖ ఆసుపత్రికి రాసింది. తూచలేదని ఆసుపత్రి జవాబిచ్చింది. ముద్ర వేసిన కాటా మీద తూచకుండా ఒక వస్తువును ఒకరి నుంచి వేరొకరు స్వీకరించడం చట్టరీత్యా నేరం కాబట్టి ఆసుపత్రి మీద కేసు ఎందుకు పెట్టకూడదో పరిశీలించి, బాధితుడి స్థాయిలోనూ సూపరింటెండెంటు స్థాయిలోనూ అభిప్రాయం రాయమని నీలాద్రిరావు ఫైలును అతనికే పంపాడు.

వరహాలరావు కలం తీశాడు. ముప్ఫై ఏళ్లుగా అలవాటయిన 'సమర్పించడమైనది', 'పరిశీలించడమైనది' లాంటి మాటలు చేతి చివర సిద్ధంగా ఉన్నాయి. వాటిని రానివ్వలేదు.

'వేలు నాది. తరుగు నాది. తప్పు నాది కూడా. తప్పని తెలిసి ముద్ర వేశాను. కాటా మొదటి నుంచీ సరిగానే ఉంది. దయచేసి తినడం ఆపండి' అని రాసి, సంతకం చేసి పంపాడు.

మధ్యాహ్నం ఆదా విరామం అయ్యాక ఫైలు తిరిగి వచ్చింది. అంచున, కాస్త నెయ్యి మరక పక్కన, ఎర్ర సిరాతో నీలాద్రిరావు రాశాడు: 'భాష కార్యాలయ మర్యాదకు తగినట్టు లేదు. సవరించి తిరిగి సమర్పించగలరు.'

వరహాలరావు కొత్త కాగితం తీసుకున్నాడు. అవే మాటలు, ఈసారి ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాసి పంపాడు.